నేను గీసిన మేడిపల్లి తొవ్వ

ఆ రోజుల్లో, పుస్తకాలు చదివినవాళ్లు దారి తప్పరని నాకు గట్టి నమ్మకం. (తప్పినా దాన్ని అన్వేషణ అంటారని కూడా చదివాను.) సిరిసిల్లలో మగ్గాలు ఆగి బాపుకు పని పోయిన ఏడాది అది. మేడిపల్లి దగ్గర వరినాట్లకు మనుషులు కావాలని ఒక మేస్త్రీ కబురు పంపాడు. "సోమవారం మధ్యాహ్నంలోపల రాండ్రి, లేకుంటే వేరే జట్టును దించుత" అన్నాడట. ఇంట్లో బియ్యం కూడా ఆ సోమవారం వరకే ఉన్నాయి. నేను లైబ్రరీకి పరుగెత్తి గోడమీది జిల్లా మ్యాపును కాగితం మీదికి దించుకున్నాను. అప్పుడే అమెరికాకు వలసపోయిన తొలి ఇంగ్లీషువాళ్ల గురించి చదువుతున్నానేమో, ఒక మూలన వాళ్ల ఓడ బొమ్మ కూడా వేశాను. దానికి చోటు చాలక, ఏ గీత దేనికి గుర్తో చెప్పే పట్టికను వదిలేశాను.

సోమవారం పొద్దున అమ్మ, బాపు, నేను కోరుట్లలో బస్సు దిగగానే కాగితం విప్పాను. "రోడ్డు సుట్టు తిరిగి పోతది బాపూ, గీ చుక్కల గీత సీదా పోతది. స్కేలు లెక్కన సగం దూరమే!" చుక్కలంటే బండ్లబాట అన్నది నా సొంత నిర్ణయం. నడుస్తూ ఇంగ్లీషువాళ్ల కథ చెప్పాను. బురదనేలలో కోట కట్టుకొని, సాగు మాని బంగారం వెతికి, ఆకలికి మాడిపోయారని. "ఇత్తనం ఎయ్యక బంగారం ఎతుకుడేంది? పిచ్చోళ్లా?" అన్నాడు బాపు, కాలువ బురదలోంచి కాలు పీక్కుంటూ. అమ్మ తుమ్మకంప నుంచి చీర విడిపించుకుంటూ "నీ మ్యాపుల ముండ్లు గియ్యలేదా బిడ్డా?" అంది. చివరికి దూరంగా గట్టు మీద మేకలు కాసే ఒకాయన దగ్గరికొచ్చి, కాగితం చూసి నవ్వాడు. "గిది తొవ్వ గాదు బిడ్డా, ఆఫీసోళ్లు గీసుకున్న మండలం హద్దు. గీడికి మా మేకలే రావు."

చీకటి పడుతుండగా చేరేసరికి వేరే జట్టు పొలంలోంచి లేచి కాళ్లు కడుక్కుంటోంది. ఆ ఊళ్లో ఒక అవ్వ జాలిపడి మొక్కజొన్న కంకుల నుంచి మక్కలు ఒలిచే పని ఇచ్చి, ఆ మక్కల రవ్వతో కాచిన గటక పెట్టింది. ఆ ఇంగ్లీషువాళ్లలో మిగిలినవాళ్లను బతికించినవీ అక్కడివాళ్లు ఇచ్చిన మక్కలేనని చెప్పబోయాను. అమ్మ నాకేసి చూసింది. ఇంకో కంకి అందుకున్నాను.

పది రోజులకు పెగడపల్లి వైపు నాట్లు దొరికాయి. ఆ దారిలో బాపు ప్రతి మూలమలుపులో ఎవరినో ఒకరిని ఆపాడు. "మా బిడ్డకు ఎరుకే అన్నా, అయినా అడుగుతున్న, పెగడపల్లికి గిట్లనేనా?" ఆ 'మా బిడ్డకు ఎరుకే' అన్న మాటను ఆయన ఒక్కచోట కూడా మరిచిపోలేదని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు. అప్పుడు మాత్రం అవమానంతో ముఖం ఉత్తరానికి తిప్పుకొని నిలబడ్డాను. సాయంత్రపు ఎండ సూటిగా కళ్లలో పడింది కాబట్టి, అది పడమర అయి ఉండాలి.