పగటిపూట అందరూ నిద్రపోయే వార్డు

ఆ ఉదయం బాపు సాసర్లో పోసుకుని తాగుతున్న చాయ్ సగం నోటి కుడిపక్క నుంచి కారి బనియన్ మీద పడింది. ఆ సంగతి ఆయనకు తెలియలేదు. నేను చూసి, "బాపూ, చాయ్ నీకా, నీ బనియన్‌కా?" అన్నాను. ఆయన తలెత్తి ఏదో జవాబు చెప్పాడు. అది తెలుగు కాదు, హిందీ కాదు, గుజరాతీ అసలే కాదు. సూరత్‌లో పుట్టి పెరిగినవాణ్ని, ఈ మూడు భాషల్ని ఎవరు ఎంత తప్పుగా మాట్లాడినా అర్థం చేసుకోగలను. ఇది మాత్రం అర్థం కాలేదు.

మేము అమ్రోలిలో ఉంటాం. బాపు సిరిసిల్ల పక్క ఊరి నుంచి పెళ్ళికి ముందే ఇక్కడికి వచ్చి, పవర్‌లూమ్ కార్ఖానాలో చేరి, అందులోనే జుట్టు తెల్లబరుచుకున్నాడు. నేను చీరల మార్కెట్లో తాకాలు చెక్ చేస్తాను. తాకా అంటే గుడ్డ చుట్ట. దాన్ని వెలుతురు బల్ల మీద పరిచి ఎక్కడ పోగు తెగింది, ఎక్కడ నూనె మరక పడింది అని వెతకడం నా పని. అంటే అనుమానపడినందుకే నాకు జీతం ఇస్తారు. ఆ ఉదయం మాత్రం నాకు ఏ అనుమానమూ రాలేదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చాడు, నిద్రమత్తు అనుకున్నాను. జరసేపు పండుకొమ్మని అమ్మ చాప వేసింది. లేచేసరికి కుడి చెయ్యి, కుడి కాలు బాపు మాట వినడం మానేశాయి.

గల్లీలో వైద్యులకు కొదవ లేదు. ఒకాయన పావురం నెత్తురు రాయమన్నాడు, ఇంకొకాయన ఏ రంగు పావురమో కూడా చెప్పాడు. పావురాన్ని పట్టే ఓపిక లేక ఆటోను పట్టాం.

పెద్దాసుపత్రిలో సీటీ స్కాన్ తీశారు. న్యూరాలజీ మేడం ఎప్పుడు మొదలైందని అడిగింది, మేము చెప్పింది విని పెన్ను కింద పెట్టింది. మొదటి కొన్ని గంటల విండో పీరియడ్ దాటిపోయిందట, క్లాట్‌ను కరిగించే ఇంజెక్షన్ ఇక ఇవ్వకూడదట. మెదడులో ఎడమవైపు నెత్తురు అందక చచ్చిపోయిన చోటు ఇన్‌ఫార్క్ట్. కుడిపక్క పడిపోతే హెమీప్లీజియా, మాట పోతే అఫేజియా. మింగడం సరిగా లేదు కాబట్టి ముక్కులో నుంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్. ఒక్క పూటలో మా ఇంటికి ఇన్ని కొత్త మాటలు వచ్చాయి, ఉన్న మనిషి మాట పోయింది.

"మీరు చెప్పేది ఆయనకు అర్థమవుతుంది. జవాబే బయటికి రాదు. మనిషి లోపలే ఉన్నాడు, అది మరిచిపోకండి," అంది మేడం.

నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ బాపు మీదికి వంగి, మగ్గాల మోతకు సగం పోయిన ఆ చెవిలో, "నువ్వు లోపల్నే ఉన్నవట, డాక్టరమ్మ చెప్తున్నది," అని అరిచింది. బాపు ఎడమ చేత్తో ఆమె కొంగు పట్టుకున్నాడు. వార్డంతా మావైపు తిరిగింది. కొంగు పట్టుకున్నందుకు కాదు, అమ్మ గొంతుకు.

డిశ్చార్జ్ రోజు అసలు చిక్కు మొదలైంది. మా గది మూడో అంతస్తులో. ఆ మెట్ల మీద గ్యాస్ సిలిండర్ తెచ్చే మనిషి కూడా పక్కవాటుగా ఎక్కుతాడు. అమ్మకు మోకాళ్ళ నొప్పులు, నాకు ఉద్యోగం. మొదటి కొన్ని నెలల్లో ఎంత కసరత్తు చేయిస్తే అంత రికవరీ ఉంటుందని, ఇంట్లో కుదరకపోతే కొన్ని వారాలు మంచి నర్సింగ్ హోమ్‌లో పెట్టమని మేడం చెప్పింది. మంచిదని ఎలా తెలుస్తుందని అడిగాను. వెళ్ళి చూడమంది. చూడడం నా వృత్తే కదా అని ధైర్యంగా బయల్దేరాను.

మొదటి చోట గుమ్మంలోనే అగరుబత్తి, ఫినాయిల్, రూమ్ ఫ్రెష్‌నర్ కలిసి ఎదురొచ్చాయి. మూడు వాసనలు కలిసి ఏ నాలుగో వాసనను దాస్తున్నాయో కనుక్కోవాలనిపించలేదు. రెండో చోట రిసెప్షన్‌లో చేపల తొట్టి ఉంది. చేపలు హుషారుగా ఉన్నాయి. పేషంట్లను కూడా చూపించమంటే, అడ్మిషన్ తర్వాతే పైకి పంపిస్తామన్నారు.

మూడోది తాపీ నది అవతలి ఒడ్డున. తాకాలో పై నాలుగు మీటర్లు ఎప్పుడూ బాగుంటాయి, అందుకే మేము మధ్యలో విప్పి చూస్తాం. ఇక్కడా రిసెప్షన్‌ను వదిలేసి నేరుగా బాత్రూమ్‌లోకి వెళ్ళాను. గోడకు పట్టుకునే కడ్డీ ఉంది, ఊపి చూశాను, ఊడలేదు. ఆక్సిజన్ సిలిండర్ ముల్లు చూశాను. మంటలార్పే సిలిండర్ మీద తేదీ చూశాను. మందుల ఫ్రిజ్‌లో ఎవరి టిఫిన్ డబ్బా అయినా ఉందేమోనని తెరిచి చూశాను. లేదు. మేనేజర్ ఓపిగ్గా నా వెంటే తిరిగి, చివరికి నేను ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసులో పనిచేస్తానా అని అడిగాడు.

తర్వాత పైన వార్డు చూపించాడు. అన్ని మంచాల మీదా మనుషులు, తెల్లటి దుప్పట్లు. మూలుగు లేదు, దగ్గు లేదు. ఫ్యాన్ తిరిగే చప్పుడు వినపడుతోంది. మా ఇంటి చుట్టూ కార్ఖానాలే. పగలూ రాత్రీ గోడలు అదురుతాయి, గ్లాసులో నీళ్ళు నిలకడగా ఉండవు. మా దృష్టిలో నిశ్శబ్దం అంటే ఉన్నవాళ్ళు కొనుక్కునే వస్తువు. అమ్మ గుమ్మంలో ఆగి గొంతు తగ్గించింది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అదే మొదటిసారి.

"ఎంత నిమ్మలంగ ఉన్నదిరా. గీడ్నే పెడుదాం."

సరేనన్నాను. ఫ్రిజ్ లోపల కూడా చూసిన నాకు, పట్టపగలు ఇంతమంది ఎందుకు నిద్రపోతున్నారన్న ప్రశ్న తట్టలేదు. ఫ్యాన్ గాలి చల్లగా ఉంది మరి.

విజిటింగ్ అవర్స్ సాయంత్రం ఐదు నుంచి ఆరు. మేము వెళ్ళేసరికి బాపు గడ్డం గీసి, తల దువ్వి, మెడకు పౌడర్ రాసి ఉండేవాడు. పెళ్ళినాడు కూడా ఇంత మంచిగా తయారు కాలేదని అమ్మ మురిసిపోయింది. కళ్ళు మాత్రం మూసుకుని ఉండేవి. ఇప్పుడే పడుకున్నారని సిస్టర్ చెప్పేది. మర్నాడూ ఇప్పుడే. ఆ మర్నాడూ ఇప్పుడే. సరిగ్గా చుట్టాలు వచ్చే ముందు నిద్రపట్టే జబ్బు గురించి మేడం నాకు చెప్పలేదు. ఫిజియోథెరపీ అయిందా అంటే పొద్దున్నే అయిపోయిందనేవారు. పక్కకు తిప్పారా అంటే ఇందాకే తిప్పామనేవారు. అక్కడ జరగాల్సినవన్నీ మేము రాకముందే జరిగిపోయేవి.

నా గొణుగుడు అమ్మకు నచ్చలేదు. "నీకు అన్నిట్ల మరకలే కనవడతయి. మంచిగ పండిన మనిషి మీద గూడ శక్ చేస్తవా?" అంది.

వేరే వేళలో వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. బయటివాళ్ళ వల్ల పేషంట్లకు ఇన్‌ఫెక్షన్ వస్తుందట. నాలోని ఇన్‌ఫెక్షన్ సాయంత్రం ఐదుకు డ్యూటీ దిగిపోతుంది కాబోలు. ఒకరోజు నాకు పంటి నొప్పి అని మార్కెట్లో మా సేఠ్‌కు చెప్పి, ఉదయం పదకొండుకు పెద్దవాళ్ళ డైపర్ల ప్యాకెట్ ఒకటి భుజాన వేసుకుని వెళ్ళాను. డైపర్లకు విజిటింగ్ అవర్స్ లేవు. ఎవరూ ఏమీ అడగలేదు.

వార్డులో అందరూ నిద్రలోనే ఉన్నారు. టీవీ చప్పుడు లేకుండా నడుస్తోంది, చూసేవాళ్ళు లేరు. తలలు ఇంకా ఎవరికీ దువ్వలేదు. బాపు వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఎడమ చెయ్యిని బ్యాండేజీ గుడ్డతో మంచం కడ్డీకి కట్టేశారు. ఆయనకు పనిచేసే చెయ్యి అదొక్కటే. ముడి విప్పి, చెవిలో గట్టిగా పిలిచాను. రెప్పలు సగం లేచాయి. చెయ్యి మెల్లగా పైకెత్తి పిడికిలి మూశాడు. తెరిచాడు, మళ్ళీ మూశాడు.

కార్ఖానాలో మగ్గాలు ఆడుతుంటే పక్కమనిషి మాట కూడా వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. చెయ్యెత్తి పిడికిలి మూస్తే మిషన్ బంద్ చెయ్యమని. నాన్నలకు అన్నం డబ్బాలు మోసిన మా గల్లీ పిల్లలందరికీ ఆ భాష వచ్చు.

బాపు బంద్ చెయ్యమంటున్నాడు. పిడికిలి మూస్తూనే ఉన్నాడు.

సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. మెలకువ వస్తే చాలు ఇలాగే చెయ్యి ఊపుతాడని, ఒకసారి ట్యూబ్ పీకేశాడని, అందుకే కట్టామని చెప్పింది. ఆమె అబద్ధం ఆడిందని అనను. అన్ని మంచాలకూ పగలు ఆమె ఒక్కతే. ఏం ఇంజెక్షన్ ఇస్తున్నారని అడిగితే, "ఆరామ్ కా," అంది. పేరు అడిగితే మేనేజర్‌ను అడగమంది.

మేనేజర్ కుర్చీ వేయించాడు, నీళ్ళు తెప్పించాడు. "పేషంట్ శాంత్ హై, ఫ్యామిలీ శాంత్ హై. ఔర్ క్యా చాహియే భాయ్?" అన్నాడు. ఇంకేం కావాలో బల్ల గుద్ది చెబుదామని లేచి నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే సేఠ్ ఫోన్ చేసి, పన్ను ఎలా ఉందని అడిగాడు. పీకించాలంటున్నారని చెప్పి కూర్చున్నాను. కోపం అలాగే ఉంది గాని డైలాగు పోయింది. మా నాన్నను డాక్టర్‌కు చూపించడానికి తీసుకెళ్తున్నానని మాత్రం చెప్పాను. ఇకపై రిస్క్ మీదే అన్నాడు. ఇప్పటిదాకా ఎవరిదని అడిగాను. ఆ ప్రశ్నకు ఇంకా నీళ్ళే నములుతున్నాడనుకుంటాను.

అంబులెన్స్ స్ట్రెచర్ మీదికి మార్చేటప్పుడు బాపు నడుము కింద చెయ్యి పెట్టాను. తడిగా తగిలింది.

ఆసుపత్రికి అమ్మ కూడా వచ్చింది. మేడం బాపు రెప్పలెత్తి టార్చ్ వేసింది, ఛాతీ విన్నది, పక్కకు తిప్పించింది. నడుము కింద చర్మం లేచిపోయి ఎర్రగా పుండు. పక్కకు తిప్పకపోతే వచ్చే బెడ్‌సోర్, గ్రేడ్ టూ అంది. ఛాతీలో ఇన్‌ఫెక్షన్ మొదలైందంది. తర్వాత నావైపు తిరిగింది.

"స్ట్రోక్ వచ్చి ఇన్ని రోజులయ్యాక మనిషి ఇంత డ్రౌజీగా ఉండడు. ఇది మత్తుమందు పని. నేను రాసింది కాదు."

నర్సింగ్ హోమ్‌కు ఆమే ఫోన్ చేసి సెడేటివ్ పేరు రాబట్టింది. ట్యూబ్ లాగే పేషంట్లు ఉంటారని, అప్పుడు చేతికి గుడ్డ సంచి లాంటి మిట్టెన్ తొడగాలని, పక్కన మనిషి కూర్చోవాలని చెప్పింది. మత్తులో ఉన్న మనిషికి ఫిజియోథెరపీ ఎవరు చేశారని నన్నే అడిగింది. కసరత్తు చేయాల్సిన రోజులు నిద్రలో పోయాయి. నేను ఏదో ఒక జోక్ వేద్దామనుకున్నాను. రాలేదు. నా విషయంలో అదీ ఒక సింప్టమే.

అమ్మ ఆ పుండును చాలాసేపు చూసింది. "గంత చల్లటి రూముల గూడ మనిషి కుళ్తడా?" అని నెమ్మదిగా అడిగింది.

మళ్ళీ అడ్మిషన్, యాంటీబయోటిక్స్, రోజూ డ్రెస్సింగ్. మత్తు పూర్తిగా దిగాక బాపు కళ్ళు తెరిచి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు. ఈసారి డిశ్చార్జ్ అయ్యాక నేరుగా ఇంటికే తెచ్చుకున్నాం. కింది గదిలోని కుటుంబం మా మూడో అంతస్తుకు మారి, తమ గది మాకిచ్చింది. పక్కకు తిప్పడానికి కార్ఖానావాళ్ళు షిఫ్టుకు పోతూ ఒకరు, వస్తూ ఒకరు వచ్చేవారు. వాళ్ళు తిప్పే పద్ధతికి ఫిజియోథెరపిస్టు కళ్ళు మూసుకునేవాడు, తర్వాత ఆయనే నేర్పించాడు. మిట్టెన్ అమ్మ పాత చీర ముక్కతో కుట్టింది, జరీ అంచు పోనివ్వకుండా. ఒకసారి ట్యూబ్ మూసుకుపోయింది, ఒకసారి జ్వరం తిరగబెట్టింది. పుండు మానడానికి నెలలు పట్టింది.

మింగగలడో లేదో చూసే స్వాలో టెస్ట్ పాసయ్యాక ట్యూబ్ తీశారు. మెత్తగా పిసికిన పప్పన్నం పెడుతూ, ఉప్పు సరిపోయిందా అని నేను మూడోసారి అడిగాను. అప్పుడొచ్చింది బాపు మొదటి మాట. ఇక్కడ రాయలేను. అది నా పుట్టుకకు సంబంధించింది కాబట్టి పక్కనే ఉన్న అమ్మకూ అందులో కొంత వాటా ఉంది. అయినా అమ్మ ఏడ్చింది. మేడంకు చెబితే నవ్వి, అఫేజియాలో తిట్లు, అంకెలు, దేవుడి పేర్లు ముందుగా వస్తాయని, మంచి సూచనేనని అంది. అమ్మ ఇంకా దేవుడి పేరు కోసం చూస్తోంది.

నర్సింగ్ హోమ్ మీద ఫిర్యాదు ఇచ్చాను. విచారణ నడుస్తోందన్నారు. నడవడంలో మాత్రం బాపు దానికంటే ముందున్నాడు. నాలుగు కాళ్ళ కర్రతో గల్లీ చివరిదాకా వెళ్ళి వస్తాడు. కుడి చెయ్యి మగ్గం పనికి రాదు, ఆ సంగతి మేము చెప్పకముందే ఆయనకు తెలుసు. మాటలు కొన్ని వచ్చాయి, మిగతావి ఎడమ చేత్తో చెబుతాడు. మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే నేను తట్టి లేపి చూస్తాను. అది మంచి అలవాటు కాదని ఫిజియోథెరపిస్టు చెప్పాడు, బాపు కూడా తన పద్ధతిలో చెప్పాడు. మానలేకపోతున్నాను.

మీ ఇంట్లో ఎవరినైనా నర్సింగ్ హోమ్‌లో పెట్టాల్సి వస్తే, వాళ్ళు రమ్మన్న వేళకు కాకుండా ఉదయం పదకొండుకు, ముందు చెప్పకుండా వెళ్ళండి. బాత్రూమ్ కడ్డీ, ఫ్రిజ్ తర్వాత చూసుకోవచ్చు. వార్డులో నాలుగు మంచాల దగ్గర ఆగి పేషంట్లను పలకరించండి. ఒకరు విసుక్కున్నా, ఒకరు ఏడ్చినా, ఒకరు చాయ్ ఇంకా రాలేదని మీతోనే తగువు పెట్టుకున్నా ఫర్వాలేదు, లోపలికి వెళ్ళి మిగతావి అడగండి. ఒక్కరూ కళ్ళు తెరవకపోతే మీ మనిషిని తీసుకుని మెట్లు దిగి రండి.