మొప్పలు లేని బండి

పేరమ్మక్క ఏ చేపనైనా కొనే ముందు మొప్ప ఎత్తి చూస్తుంది. అమ్మేవాడు సొంత అన్నయినా సరే. మొప్ప ఎర్రగా ఉందా, కన్ను ఉబ్బెత్తుగా ఉందా, వేలితో నొక్కితే పడిన గుంట మళ్ళీ లేస్తుందా అని చూసుకున్నాకే గంపలో వేస్తుంది. ఆ కాసేపూ అమ్మేవాడు ఎంత పొగిడినా వినపడనట్టే ఉంటుంది.

ఆమె ఊరు కైకలూరు దాటాక లోపలికి, కొల్లేటి గట్టు మీద. మా ఇంటికి చేపలు తేవడం మొదలుపెట్టినప్పటికి నాకు ఆటోనగర్‌లో సొంత షెడ్డు లేదు. ఒక మేస్త్రీ దగ్గర కార్ల వైరింగు పని నేర్చుకుంటున్నాను. నా భార్య కుల్సుం కాపురానికి వచ్చిన కొత్తలో బొచ్చెకీ శీలావతికీ తేడా చెప్పింది పేరమ్మక్కే. ఇప్పటికీ వాళ్ళిద్దరి బేరం వింటే పక్కవాళ్ళు పోట్లాట అనుకుంటారు. ఈమె లేచి వెళ్ళిపోతున్నట్టు గంప ఎత్తుకుంటుంది, ఆమె తలుపు వేసేస్తున్నట్టు చెయ్యి పెడుతుంది. చివరికి ఇద్దరూ గుమ్మంలో కూర్చుని టీ తాగుతారు.

భర్త చనిపోయాక ఆమెను నిలబెట్టింది చేపల వ్యాపారమే. తెల్లవారకముందే సరుకును ఐసులో సర్దుకుని బస్సెక్కి గుడివాడ, అక్కడి నుంచి హనుమాన్ జంక్షన్‌లో రోడ్డు పక్క హోటళ్ళు, ఆ తరవాత బెజవాడలో మెస్సులు, మాలాంటి ఇళ్ళు. వీటన్నిటినీ కలిపి ఆమె ‘నా వాడుక’ అంటుంది. ఆ మాట అనేటప్పుడు ఎకరాలున్న రైతు పొలం గురించి చెప్పినట్టే ఉంటుంది.

ఆ వాడుకకే ఎసరొచ్చింది. బస్సులో నీళ్ళు కారుతున్నాయని, వాసనని తోటి ప్రయాణికుల గొడవ ఎక్కువైంది. ఎక్కించుకునే కండక్టరు దొరికిన రోజు వస్తుంది, దొరకని రోజు సరుకు ఊళ్ళోనే అయినకాడికి అమ్మేస్తుంది. ఈలోగా చెరువు చేపలమ్మే వ్యాను ఒకటి జంక్షన్ హోటళ్ళ ముందు ఆగడం మొదలుపెట్టింది. డీజిలు ఆటో మాట్లాడుకుంటే వచ్చిందంతా దానికే పోతోంది.

ఒకరోజు తన మేనల్లుడు రాంబాబుని వెంటబెట్టుకుని నేరుగా నా షెడ్డుకే వచ్చింది. రాంబాబు ఆటో తోలేవాడు. మా షెడ్డుకి ఎప్పుడూ వచ్చే పటమట శివాజీ గారు తన కరెంటు కారు అమ్ముతున్నారని కుల్సుం ఆమెకు చెప్పిందట.

“నాకో బండి కావాలి తమ్ముడూ. ఇంకొన్ని ఆదివారాలు నేను జంక్షన్‌కి పోకపోతే నా వాడుక ఆ వ్యానోడిదైపోద్ది,” అంది.

మా షెడ్డు పక్కన టీ కొట్టు ఉంది. అక్కడికి ఈ కబురు పాకేసరికి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పారు. రోహిణి కార్తెలో బ్యాటరీ పేలుతుందన్నాడొకడు. వాన నీళ్ళలో దిగితే లోపల కూర్చున్నవాళ్ళకి షాకు కొడుతుందన్నాడు ఇంకొకడు. మూడేళ్ళు తిరక్కుండా బ్యాటరీ పోతుంది, కొత్తది వేయించాలంటే ఇంకో కారు కొన్నంత అవుతుందని మూడో ఆయన. చేపల నీళ్ళలో ఉప్పు ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా పోతుందని నాలుగో ఆయన లెక్క తేల్చాడు. కొల్లేరు మంచినీళ్ళ సరస్సని ఎవరూ ఆయనకు గుర్తు చేయలేదు.

పేరమ్మక్క అందరి మాటా వింది. టీ గ్లాసు కింద పెట్టి అడిగింది.

“ఈళ్ళల్లో ఆ బండి నడిపినోళ్ళు ఎవరన్నా ఉన్నారా తమ్ముడూ?”

“లేరక్కా.”

“అయితే మొప్ప ఎత్తి చూసినోడు లేడన్నమాట. దానికి మొప్పలెక్కడుంటయ్యో నాకు సూపించు.”

శివాజీ గారి కారు తెప్పించి లిఫ్టు మీదకి ఎక్కించాను. ఆమెను కింద నిలబెట్టి చూపించాను. బ్యాటరీ అంటే లారీలో ఉండే నల్ల డబ్బా కాదు. కారు నేల పొడవునా పరుచుకున్న పెద్ద పళ్ళెం లాంటిది, గట్టిగా సీలు వేసి ఉంటుంది. వాన పడితే దానికేమీ కాదు. చూడాల్సింది దెబ్బలు. రాయి తగిలి సొట్ట పడిందా, బోల్టులు విప్పిన గుర్తులున్నాయా. ఆమె టార్చి నా చేతిలోంచి తీసుకుని, నేను చూసిన చోటల్లా మళ్ళీ చూసింది. నేను చూడని చోట ఒక గీత పట్టుకుంది. అది మట్టి గీత. తుడిస్తే పోయింది.

తరవాత స్కానర్ తగిలించాను. లోపల చిన్న చిన్న సెల్లులు వరసగా ఉంటాయి, అన్నీ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో ఇది చెబుతుందన్నాను.

“ఒకటి మెత్తబడితే గంపంతా చెడిపోద్ది. అంతేగా?”

“దాదాపు అంతేనక్కా. ఇందులో మెత్తబడింది ఏదీ లేదు.”

అయినా తెర మీద అంకెలు చూసి సరేననడం నాకూ ఇష్టం ఉండదు. నిండా చార్జి పెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో ఏసీ వేసుకుని ఆటోనగర్ నుంచి జంక్షన్‌కి వెళ్ళి తిరిగొచ్చాం. మూడో వంతు దిగింది. కొత్త కారయితే ఇంకాస్త తక్కువ దిగేది. ఆ మాటే ఆమెకు చెప్పాను. ఇది వయసు మీద పడ్డట్టు ఏటా కాస్త కాస్త తగ్గుతుంది గానీ ఓ పొద్దున హఠాత్తుగా చచ్చిపోయే రకం కాదని, కంపెనీ ఇచ్చిన హామీ ఇంకా కొన్నేళ్ళుందని చెప్పాను.

“కాలిపోయినయ్యి లేవా మరి?” అంది.

“ఉన్నాయక్కా. పెట్రోలు బండ్లూ కాలుతున్నాయి. దెబ్బ తిన్న బ్యాటరీ, చౌక చార్జరు, వదులు వైర్లు, ఈ మూడిటి దగ్గర జాగ్రత్తగా ఉండాలి.”

ఆమె కాసేపు కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యేసి నొక్కి చూసింది. గుంట పడలేదు. కొనేసింది.

వెనక సీట్లు మడిచేసి అంచులున్న రేకు పళ్ళెం ఒకటి చేయించి బిగించాను. నీళ్ళు బ్యాటరీలోకి పోవు గానీ నేల కింద వైర్ల జాయింట్లు తుప్పు పడతాయి. వాళ్ళ ఊరు వెళ్ళి, వరండాలో చార్జింగ్ కోసం విడిగా వైరు లాగాను. గొయ్యి తవ్వించి బొగ్గూ ఉప్పూ వేసి ఎర్తు దింపాను. కరెంటు ఎక్కడ కారినా ఠక్కున పడిపోయే బ్రేకరు పెట్టాను. చార్జింగ్ వైరు మధ్యలో ఇటుకంత పెట్టె ఉంటుంది. దాన్ని గోడకి మేకు కొట్టి తగిలించాను.

ఆ తరవాత అత్తా అల్లుళ్ళకి కొత్త తగువు మొదలైంది. చార్జి పూర్తిగా సున్నా అయ్యాకే మళ్ళీ పెట్టాలని, లేకపోతే బ్యాటరీకి బద్ధకం అలవాటవుతుందని రాంబాబుకి సెల్‌ఫోన్ల కొట్టువాడు చెప్పాడు. పేరమ్మక్క ఒప్పుకోదు. ఆమెకు మొదటి నుంచీ ఒక పట్టింపు ఉంది. ఎంత గిరాకీ ఉన్నా గంప ఖాళీ చేసుకుని ఇంటికి వెళ్ళదు. అడుగున ఒక్క చేపయినా మిగలాలి. వాళ్ళమ్మ నేర్పిందట. కారు విషయంలోనూ అదే మాట. బెజవాడ వచ్చి ఊరికి తిరిగి చేరేసరికి తెర మీద పావు వంతు మిగిలుంటుంది. ఆ పావు వంతు జోలికి ఎవరినీ పోనివ్వదు.

“మా అత్త బ్యాటరీకి కూడా ఆచారం పెట్టింది అన్నా,” అని రాంబాబు నా దగ్గర మొత్తుకున్నాడు.

“ఆమె చెప్పిందే మంచిది. సున్నా దాకా దించితేనే బ్యాటరీ నలుగుతుంది,” అన్నాను. వాడికి నామీద కూడా నమ్మకం పోయింది.

రోహిణి కార్తె వచ్చింది. ఎక్కడో చార్జింగ్‌లో ఉన్న స్కూటరు కాలిపోయిందని టీవీలో చూపించారు. ఆ ఆదివారం తెల్లవారుతుండగా రాంబాబు ఫోను.

“అన్నా, బ్యాటరీ సచ్చిపోయింది. రాత్రంతా పెట్టాం, ఒక్క గీత ఎక్కలా.”

వెనక నలుగురి గొంతులు వినిపిస్తున్నాయి. ‘మేం చెప్తానే ఉన్నాం’ అని ఒక ముసలాయన గొంతు అన్నిటికన్నా పైన ఉంది.

“పెట్టె మీద లైటు వెలుగుతోందా?”

“లేదన్నా.”

“బోర్డులో బ్రేకరు?”

“కిందకి పడుంది. ఎత్తితే మళ్ళీ పడిపోతంది.”

“ఇంకెత్తొద్దు. ప్లగ్గు దగ్గర ఏముంది చూడు.”

ఫోనులో వాడి అడుగుల చప్పుడు వినిపించింది. “పెట్టెకని అత్త గోనె కప్పింది, అది ప్లగ్గు మీదకి జారింది.”

“పొడిదా, తడిదా?”

“తడిదే. మడతలో రాత్రి ఐసు కూడా పెట్టిందంటన్నా.”

పేరమ్మక్క ఫోను లాక్కుంది. “చెయ్యి పెట్టి చూశా తమ్ముడూ, ఆ పెట్టె వెచ్చగా తగిలింది. వెచ్చబడ్డ సరుకుని అట్టా వదిలేస్తే తెల్లారేతలికి ఏమయిద్దో నాకు తెలీదా? అందుకని...”

తిట్టాలని నోటిదాకా వచ్చింది. ఆమె గొంతు విని మింగేశాను. ఆయుష్షంతా చల్లదనమే కాపాడుతుందని నమ్మి బతికిన మనిషి. చార్జి ఎక్కేటప్పుడు ఆ పెట్టె కాస్త వెచ్చబడటం మామూలేనని నేను చెప్పి ఉండాల్సింది.

“మెయిన్ ఆపేయించు అక్కా. గోనె, ప్లగ్గు ఏదీ ముట్టుకోవద్దు. మెయిన్ ఆపాక రాంబాబు కర్రతో గోనె లాగేసి, కారులోంచి వైరు తీస్తాడు. బ్యాటరీకి ఏమీ కాలేదు. నీళ్ళకి బ్రేకరు పడింది, అంతే. అది పడకపోయుంటే ఏం జరిగేదో తరవాత మాట్లాడుకుందాం.”

“ఇయ్యాళ ఆదివారం తమ్ముడూ. చేపలు ఐసులో ఉన్నయ్యి. ఆలిస్యమైతే పుల్లయ్య ఆ వ్యానోడి దగ్గరే కొంటానని మొన్ననే చెప్పాడు. నా వాడుక...” పుల్లయ్యది జంక్షన్‌లో పెద్ద హోటలు. అతను ఎటు మొగ్గితే మిగతా హోటళ్ళవాళ్ళూ అటే.

“బండిలో ఎంతుంది?”

“ఎంతేంది, పావు వంతు ఉండనే ఉంది. ఈడు నిన్న రాత్రి సినిమాకి గుడివాడ పోతానన్నాడు. ఎట్టాగూ సున్నా చెయ్యాలి గదా అంటాడు. తాళం నా కొంగునే కట్టుకున్నా.”

ఆ పావు వంతు జంక్షన్ దాకా సరిపోతుంది. పుల్లయ్య హోటలు ఆవరణలోనే కార్లకి తొందరగా ఎక్కే చార్జరు ఉంది. ఏసీ వేయొద్దని, తొందరపడకుండా ఒకే వేగంలో రమ్మని రాంబాబుకి చెప్పి, నేను బైకు తీశాను.

నేను వెళ్ళేసరికి వ్యాను హోటలు ముందే ఉంది. దాని కుర్రాడు పుల్లయ్య వెనకే తిరుగుతూ ధర తగ్గిస్తున్నాడు. పుల్లయ్య మాటిమాటికీ గుడివాడ రోడ్డు వైపు చూస్తున్నాడు. ఎండ ఎక్కుతోంది. చాలాసేపటికి పేరమ్మక్క తెల్ల కారు చప్పుడు లేకుండా లోపలికి వచ్చింది. తెర మీద మిగిలింది ఒక ఎర్ర గీత. దిగేసరికి రాంబాబు చొక్కా పిండితే నీళ్ళు కారేట్టుంది.

“ఇదేనా రావడం?” అన్నాడు పుల్లయ్య. “ఈ అబ్బాయి పొద్దుటి నుంచీ నా కాళ్ళకి అడ్డం పడుతున్నాడు.”

పేరమ్మక్క నేరుగా కారు వెనక్కి నడిచింది. వెనక తలుపెత్తి, ఐసు పక్కకి నెట్టి, ఒక శీలావతిని తీసి మొప్ప ఎత్తి పట్టుకుంది. ఇంకొకటి తీసింది. కొర్రమీనులు పెట్టెలో ఇంకా కొట్టుకుంటున్నాయి.

“ఆయబ్బాయిది చూశావా?” అని అడిగింది.

“చూడకుండానే నీ కోసం ఇంతసేపు ఆగాననుకున్నావా,” అన్నాడు పుల్లయ్య. త్రాసు తెమ్మని లోపలికి కేకేశాడు.

వ్యాను వెళ్ళిపోయింది. కారు చార్జి ఎక్కుతుంటే పేరమ్మక్క మిగతా హోటళ్ళకి రాంబాబు చేత గంప మోయించుకుంటూ నడిచి వెళ్ళి ఇచ్చొచ్చింది. వచ్చాక చార్జరు వైరు మీద చెయ్యి పెట్టి చూసింది. వెచ్చగానే ఉంది. నా వైపు చూసింది. పర్లేదన్నట్టు తల ఊపాను. చెయ్యి తీసేసింది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

బెజవాడలో మా ఇంటికి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటికే కుల్సుంకి విషయమంతా ఫోనులో చెప్పాను.

“చార్జరుకి ఐసు పెట్టావంట గదా పేరమ్మా. మా ఫ్రిజ్జుకి కూడా జ్వరంగా ఉంది, కాస్త చూసి పో.”

“నవ్వవే నవ్వు. మీ ఆయన సరిగ్గా చెప్పుంటే నేనెందుకు పెడతాను?”

అందులో అబద్ధం లేదు కాబట్టి నేను టీ గ్లాసు వైపు చూశాను. కుల్సుం గంపలోకి తొంగి చూసింది. అడుగున ఒక్క కొర్రమీను ఉంది.

“అది కూడా ఇచ్చెయ్, ఇంటికి చుట్టాలొస్తున్నారు.”

“అది అమ్మేది కాదమ్మా. ఇంటికెళ్ళాలి.”

“ఒక్క చేప కోసం ఎప్పుడూ ఇదే పట్టు.”

“ఇయ్యాళ నన్ను గట్టెక్కించింది మిగిలిందే. నీకు రేపు రెండు తెస్తాలే.”

సాయంత్రం వాళ్ళ వెనకే కొత్త ప్లగ్గూ సాకెట్టూ పట్టుకుని ఊరు వెళ్ళాను. తడిసినవి తీసేసి మార్చాను. బ్రేకరు ఎత్తితే నిలబడింది. పెట్టె మీద పచ్చ లైటు వెలిగింది. పొద్దున పెద్ద గొంతుతో మాట్లాడిన ముసలాయన కూడా వచ్చి, లైటు వంక వంగి చూసి వెళ్ళాడు. నేను సామాను సర్దుకుంటుంటే పేరమ్మక్క పక్కకి వచ్చి మెల్లగా అడిగింది.

“తడి గోనె తప్పే తమ్ముడూ. పొడిది కప్పొచ్చా?”

“ఏదీ కప్పొద్దక్కా. గాలి తగలనివ్వు.”

సరేనంది. నేను బైకు ఎక్కేటప్పుడు వెనక్కి చూస్తే, మడతమంచం వరండాలోకి లాక్కుని పెట్టెకి ఎదురుగా కూర్చుని ఉంది. చేతిలో తాటాకు విసనకర్ర. రెండుసార్లు తనకు విసురుకుంటోంది, ఒకసారి పెట్టె వైపు విసురుతోంది.