బొమ్మ ఇటుకలకి తలంటు

ఉదయం ఏడున్నరకి కాకినాడ కాంప్లెక్సులో అమలాపురం బస్సెక్కాను. ఒళ్ళో నా చిన్ననాటి బొమ్మ ఇటుకల డబ్బా. ఉప్పలగుప్తంలో అక్క కూతురు చిన్నారి, మర్నాటి స్కూలు ఎగ్జిబిషన్‌కి బొమ్మ ఇటుకలతో వంతెన కడుతోంది. స్తంభాలకి ఇటుకలు చాల్లేదు. నావి తెస్తానని ఫోన్లో గొప్పలు పోయాను. పాతవి కొత్తవాటికి పట్టవని బావగారు పందెం కాశారు.

యానాం దాటాక పక్కసీటు పెద్దావిడ, "డబ్బాలో కొబ్బరినూనె ఒలికినట్టుందండీ" అన్నారు. ఒలకలేదు, మా అమ్మ రాసింది. తలుపు గడియకీ, కుట్టుమిషనుకీ, నా నెత్తికీ అదే నూనె. ఊరెళ్ళే ఇటుకలు నిగనిగలాడాలని ఒక్కొక్కదానికీ పట్టించింది. ఆవిడ చాలా మెచ్చుకున్నారు.

అమలాపురంలో పెసరట్టు తిని, షేర్ ఆటోలో ఉప్పలగుప్తం చేరేసరికి పదకొండు.

చిన్నారి దగ్గరున్న కొత్త ఇటుకలు చూసి నోరెళ్ళబెట్టాను. మా రోజుల్లో ఎరుపు, తెలుపు, పసుపు, నీలం, అంతే. కమాను కావాలంటే మెట్లుమెట్లుగా పేర్చి, అదే గుండ్రమనుకునేవాళ్ళం. ఇప్పుడు కమాను ఒక్క ముక్కలో వస్తోంది. మా బొమ్మ మనుషులందరిదీ ఒకటే నవ్వు. చిన్నారి బొమ్మకి తల తిప్పితే వెనకాల కోపం ముఖం, అచ్చం బావగారే.

నా ఇటుకలతో స్తంభాలు కట్టి, చిన్నారి పైన కొత్త కమాను నొక్కింది. ఎత్తగానే జారి ఊడిపోయింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ జారింది.

"చెప్పేనా? డిజైను మార్చేసేరు" అన్నారు బావగారు.

చిన్నారి కళ్ళలో నీళ్ళు చూసి ప్రాణం ఉసూరుమంది. మాకంటే ఇంకా పాతకాలంలో ఇటుకల అడుగు బోలుగా ఉండి ఊడిపోయేవట, లోపల గొట్టాలు పెట్టాకే పట్టు వచ్చిందట. నావాటికి గొట్టాలున్నాయి కదా, ఇదేం ఖర్మ!

అక్క ఒకటి తీసి వాసన చూసింది. "నూనె పెట్టి వదిలేస్తే ఎలాగరా? తలంటు పొయ్యద్దూ?"

కుంకుడుకాయలు కొట్టింది. బావగారే వేణ్ణీళ్ళు పోశారు, గొణుక్కుంటూ. తువ్వాలు మీద ఎండబెట్టి నొక్కితే టక్కుమని పట్టింది. చిన్నారి వంతెనని రెండు చేతులా ఎత్తి ఇల్లంతా తిరిగింది.

సాయంత్రం అమలాపురంలో తిరుగు బస్సెక్కాను, ఖాళీ డబ్బాతో. రంగులు పెరిగాయి, కమానులొచ్చాయి, బొమ్మలకి కోపాలొచ్చాయి. ఇటుకల పైన ఆ బుడిపెలూ, లోపల ఆ గొట్టాలూ మాత్రం నా చిన్నప్పటివే, ఎంత సంతోషమేసిందో.

అమ్మ ఫోన్ చేసింది. "ఇటుకలు మెరుస్తున్నాయన్నారా?"

బాగా మెచ్చుకున్నారని చెప్పాను.

"అయితే రేపు నేనూ వస్తా. ఎగ్జిబిషన్‌కి ముందు వంతెనంతా ఓ చెయ్యి రాసేస్తా."

ఇంటికెళ్ళగానే ముందు ఆ నూనె సీసా దాచెయ్యాలి.