గుట్ట మీద సమ్మెట దెబ్బలు

నవ్వాలనుకునేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. మా అమ్మ మీద ఒట్టేసి చెబుతున్నాను... ఇది నాకు జరిగింది.

డెబ్బైల తొలి రోజులు. హఫీజ్‌పేట్‌లో కిరాయికి ఉండేవాణ్ణి. మాది తెనాలి వైపు, ఉద్యోగం ఇక్కడి ఫ్యాక్టరీలో. ఇప్పుడు అద్దాల మేడలున్న చోటంతా అప్పుడు బండలూ గుట్టలే. సాయంత్రాలు భజన సమాజానికి వెళ్లేవాణ్ణి. భక్తి కంటే కబుర్ల కోసమే అనుకోండి.

భజన మందిరం కట్టుకోవాలని మేమే గుట్ట దగ్గర బండలు పగలగొట్టేవాళ్లం. అంతా శ్రమదానం. అందరికంటే ముందు దిగేవాడు యాదయ్య. సమ్మెట పట్టాడంటే వదిలేవాడు కాదు. ఒకరోజు పగిలిన బండ జారి అతని మీద పడింది. ఛాతీ నుంచి తొడ దాకా నుజ్జు. దవాఖానలో కొన్నాళ్లు ఉంచుకుని, చివరికి "ఇంటికి తీసుకెళ్లండి" అన్నారు. ఆ మాటకు అర్థం మీకు తెలుసు.

సమాజం వాళ్లం వంతులు వేసుకున్నాం. ఒకరింటి నుంచి గంజి, ఒకరింటి నుంచి పిల్లలకు అన్నం. కట్లు మార్చేది నేను. అతని భార్య సత్తెమ్మ ఒక్కటే అడిగింది.

"ఏకాహం పెట్టుండ్రి. మా ఆయన బతుకుతడు."

ఏకాహం అంటే పొద్దు పొడిచింది మొదలు మర్నాడు పొద్దు పొడిచేదాకా, దీపం చుట్టూ తిరుగుతూ నామం పాడాలి. ఒక జట్టు అలిసిపోతే ఇంకో జట్టు తాళాలు అందుకుంటుంది. మధ్యలో ఆగితే కీడు. యాదయ్య వాకిట్లోనే మొదలుపెట్టాం. పాట వినబడేలా అతని మంచం గుమ్మం దగ్గర వేశాం.

అర్ధరాత్రి దాటింది. మా జట్టు తాళాలు అప్పజెప్పింది. అరుగు మీద కూలబడ్డాను. అప్పుడు వినబడింది...

ఠంగ్.

గుట్ట వైపు నుంచి. బండ మీద సమ్మెట దెబ్బ. ఈ వేళప్పుడు ఎవడ్రా అనుకున్నాను. మళ్లీ... ఠంగ్. ఇటు మంచం కిర్రుమంది. యాదయ్య ఒళ్లు ఎగిరి పడింది, ఎవరో ఛాతీ మీద కొట్టినట్టు. నోట్లోంచి రక్తం. ఠంగ్... మళ్లీ ఎగిరాడు. కట్లు తడిసిపోయాయి. భుజాలు అదిమి పట్టుకున్నాను. నా చేతుల కింద ఎముక విరిగింది... పటుక్కున. ఆ చప్పుడు తలుచుకుంటే ఈరోజుకీ అన్నం సయించదు.

అప్పుడు గమనించాను. మావాళ్ల తాళం... ఆ దెబ్బ మీదే పడుతోంది. వాళ్లకు తెలియడం లేదు. కళ్లు మూసుకుని, ఒళ్లు మరిచి తిరుగుతున్నారు. పాట వేగం పెరిగింది. దెబ్బలూ పెరిగాయి.

"ఆపండి! చచ్చిపోతాడు, ఆపండి!"

భజన పెద్ద పెంటయ్య తాత తిరుగుతూనే, కుదరదన్నట్టు చెయ్యి ఊపాడు. సత్తెమ్మ నా చొక్కా పట్టుకుంది.

"ఆపొద్దు సారూ! ఆపితే గిప్పుడే పోతడు! నీ కాల్మొక్త!"

"రక్తం కక్కుతున్నాడు, కనబడట్లేదా సత్తెమ్మా!"

"ఆ కొట్టెటోన్ని ఆపు సారూ... పాట ఆపకు!"

లాంతరు లాక్కుని గుట్టకు పరిగెత్తాను. దారంతా తిడుతూనే ఉన్నాను. భయం వేస్తే నాకు బూతులే వస్తాయి.

గుట్ట దగ్గర ఎవరూ లేరు. సమ్మెట నేల మీదే పడి ఉంది, మంచుకు తడిసి. యాదయ్యను నలిపేసిన బండ పక్కనే ఉంది. ఠంగ్... నా కళ్లముందే. బండ అదిరింది. రాతి పొడి ముఖాన కొట్టింది. గాలిలో చేతులు తిప్పాను... ఏమీ తగల్లేదు. దూరంగా పాట వినబడుతోంది. తర్వాతి దెబ్బ ఎప్పుడు పడుతుందో నాకు తెలిసిపోతోంది. ఏం ఆలోచించానో గుర్తులేదు. బండ మీద బోర్లా పడి రెండు చేతులా కావిలించుకున్నాను.

నా వీపు మీద పడింది...

తెల్లారాక మావాళ్లు మోసుకొచ్చారు. పక్కటెముకలు విరిగాయి. బండ మీంచి జారిపడ్డానన్నాడు డాక్టరు. కావచ్చు. చీకటి, పరుగు, నా కోపం... జారే ఉంటాను. జారితే వీపు మీద ఇంత గుండ్రంగా మచ్చ పడుతుందా అని అడిగితే, ఆయన మాట మార్చాడు.

పాట మాత్రం ఆగలేదట. నేను పరిగెత్తిన కాసేపటికే యాదయ్య ఒళ్లు నిమ్మళించిందట. బతికాడు. తర్వాత నాకూ వంతులు వేసుకున్నారు. సత్తెమ్మ వంతు రోజున గంజి గిన్నె నా ముందు పెట్టి ఏడ్చింది.

నడక వచ్చాక యాదయ్య కర్ర పట్టుకుని నా గదికి వచ్చాడు. నా చొక్కా ఎత్తి వీపు చూశాడు.

"నిన్నెవలు కొట్టిండ్రన్నా?"

"నిన్ను కొట్టినవాడే. వాణ్ణి నువ్వు చూశావా?"

యాదయ్య చొక్కా కిందికి దించాడు. వెళ్లి తలుపు మూసి గొళ్లెం పెట్టాడు. అది పట్టపగలు.

"జర మెల్లగ మాట్లాడన్నా" అన్నాడు.

గుట్ట వైపు కిటికీ కూడా మూసేశాడు.