నాలుగు రోజులు నానాల్సిందే

రోడ్ల ల్యాబులో మట్టి పరీక్షలు చేసే బాబాయ్‌కి ఒకటే పిచ్చి. ఏదైనా సరే, నాలుగు రోజులు నానాలి. రోడ్డు కింద వేసే మట్టిని ఇనప డబ్బాలో దట్టించి, నాలుగు రోజులు నీళ్లలో ముంచి, ఎంత ఉబ్బిందో, ఎంత మెత్తబడిందో కొలవడం ఆయన పని. మట్టితో ఆగాడా? మనుషులకీ అదే పెట్టాడు.

కూతురికి సంబంధం వస్తే, "పొడిగా ఉన్నప్పుడు అందరూ గట్టిగానే ఉంటారు, నాలుగు రోజులాగండి" అన్నాడు. పిప్పిపన్ను పీకుతానన్న డాక్టర్నీ నాలుగు రోజులు ఆపాడు. బుగ్గ బూరెలా పొంగింది.

"ఎంత ఉబ్బిందో కొలుచుకున్నారా?" అంది పిన్ని.

ఆ యేటి వానల్లో కొత్త రోడ్డు కుంగి, లారీ బోల్తాపడి, క్లీనరు చచ్చిపోయాడు. తప్పంతా రోలర్ డ్రైవరు మీదికి తోశారు, సరిగ్గా తొక్కించలేదని. మూడోనాడు పొద్దున్నే అతను ల్యాబుకొచ్చాడు. రెండు రోజులుగా తిండి లేదు.

"నేనే చంపాను బాబాయ్. ఇంకెందుకు బతకడం?"

బాబాయ్ ఏమీ ఓదార్చలేదు. ఆ రోడ్డు మట్టి డబ్బాని తొట్టిలో దింపాడు.

"నాలుగు రోజులు నానాలి."

"నేనా?"

"మట్టిరా! పూటపూటకీ డబ్బా మీదున్న ఈ కొలత ముల్లు ఎంత కదిలిందో చూసి పుస్తకంలో రాయి. నాకు చూపు ఆనట్లేదు. ఒక్క పూట తప్పావో, ఊరుకోను."

డ్రైవరు తొట్టి పక్కనే కూర్చున్నాడు, బల్ల మీదే పడుకున్నాడు. పిన్ని పంపిన క్యారేజీ మొదటిరోజు ముట్టలేదు. రెండోరోజు కెలికాడు. మూడోరోజు "కూరలో ఉప్పు తక్కువైంది" అన్నాడు.

నాలుగోరోజు ఇంజినీరు కాయితం పట్టుకొచ్చాడు. తప్పు మట్టిది, దాన్ని వాడమన్నవాళ్లది. డ్రైవరుది కాదు.

"ఇంకా డబ్బా పైకి తియ్యనేలేదు కదండీ?" అన్నాడు డ్రైవరు.

"పోయినేడే పరీక్ష చేసి, ఈ మట్టి పనికిరాదని రాశాడయ్యా మీ బాబాయ్. ఎవరూ చదవలేదు. నువ్వొచ్చిన రోజే ఆ ఫైలు తెచ్చి మా మొహాన కొట్టాడు. ఒప్పుకోవడానికి మాకే ఇన్నాళ్లు పట్టింది."

డ్రైవరు గిర్రున తిరిగాడు. "మరి నేను రాసిన అంకెలెందుకు బాబాయ్?"

బాబాయ్ పుస్తకం తెరిచాడు. కళ్లజోడైనా పెట్టుకోలేదు.

"అంకెలెవడిక్కావాలిరా? మొదటిరోజు చూడు, చెయ్యి వణికి కోడి గీకినట్టుంది. నిన్న సాయంత్రం రాసిన ఎనిమిది అంకె ఎంత గుండ్రంగా వచ్చిందో! ఇక ఇంటికెళ్లు."