పోవడానికి రెండుంపావు, రావడానికి పావు

“రెండుంపావు గంట పడుతుందే! టికెట్ మీద అచ్చేసి ఉంది. అక్షరం ముక్క రానిదానివి, నీకేం తెలుసు?”

“నాకు అక్షరం రాదు సరే, మీకు లెక్క రాదు.”

నేనూ మావారూ ఆఖరిసారి అనుకున్న మాటలివి. లండన్ నుంచి పారిస్‌కి విమానంలో ఎంతసేపన్నది తగాదా. అమెరికాలో, ఇర్వింగ్ అనే ఊళ్ళో అబ్బాయి అపార్ట్‌మెంట్‌లో ఉప్మా తింటూ మొదలుపెట్టాం. ఆ రెండు ఊళ్ళూ చూపిస్తానని అబ్బాయి టికెట్లు బుక్ చేశాడు. పదింటికి లండన్‌లో బయలుదేరితే పన్నెండుంపావుకి పారిస్. తిరుగు విమానం పన్నెండుకి పారిస్‌లో బయలుదేరితే పన్నెండుంపావుకే లండన్. ఈయన ఆ కాగితం ముందేసుకుని, పోవడానికి రెండుంపావు గంట, రావడానికి పావుగంట అని తేల్చారు.

“అదేం చోద్యమండీ? దారి ఒకటే కదా!”

“వచ్చేటప్పుడు గాలి వెనకనుంచి తోస్తుందే, పిచ్చిదానా.”

మనవరాలి గ్లోబు తెప్పించి చూశాను. రెండు ఊళ్ళూ నా చిటికెన వేలి గోరు కింద దాక్కున్నాయి. గంటకి ఒక్క నిమిషం మించదన్నాను. పందెం వేసుకున్నాం. ఓడినవాళ్ళు ఇంటిల్లిపాది ముందూ ‘తప్పు నాదే’ అనాలి. నలభై ఏళ్ళ కాపురంలో ఆ ముక్క ఆయన నోట రాలేదు, నా నోటా రాలేదు.

ఆ తర్వాత ఆయన వాకింగ్‌కి వెళ్ళి, పార్కు బెంచీ మీద కూర్చున్నవారు కూర్చున్నట్టే పోయారు. గుండె ఆగిందన్నారు. ఓడిపోయేటప్పుడు లేచి వెళ్ళిపోవడం ఆయనకి మొదటి నుంచీ అలవాటే.

ఏడాది తిరిగాక అబ్బాయీ కోడలూ నన్ను తీసుకెళ్ళారు. ఆయన వాచీ నా చేతికి పెట్టుకున్నాను. అది మోచేతి దాకా జారేది. అమెరికా వచ్చి ఎన్నేళ్ళయినా దాన్ని ఇండియా టైం నుంచి కదపనివ్వలేదు ఆయన. అక్షరాలు రాకపోయినా గడియారం ముళ్ళు చూడడం నాకు వచ్చు. లండన్‌లో విమానం కదిలినప్పుడు రెండున్నర. విమానంలో అమ్మాయి జ్యూస్ ఇస్తానన్నా వాచీ మీంచి తల తిప్పలేదు. పారిస్‌లో ఆగేసరికి పావుతక్కువ నాలుగు.

“గెలిచానే!” అని కోడలి తొడ మీద చరిచాను. ముందు సీటు దొర ఉలిక్కిపడ్డాడు.

“టికెట్ మీద ఏ ఊరి టైం ఆ ఊరిదే అత్తయ్యా. పారిస్ గడియారం గంట ముందుంటుంది. మామయ్యగారు వెళ్ళేదానికి ఆ గంట కలిపేశారు, వచ్చేదానికి తీసేశారు” అంది కోడలు.

ఇండియాకీ ఇర్వింగ్‌కీ ఉన్న తేడాని చేతికి కట్టుకు తిరిగిన మనిషికి ఇది తోచలేదు!

“మరి మీరు గంటే అన్నారుగా? గంటంపావు పట్టింది” అని కూడా అంది.

ఇప్పుడు ఇది రాస్తున్నదీ ఆ కోడలే. ఆ పావుగంట కొట్టెయ్యమంటే కొట్టెయ్యనంటోంది. సరే, ఉండనీ. ఏమండీ, తప్పు నాదే. పావుగంట మేరకే. రానూ పోనూ రెండు గంటల తప్పు మీది.

రాశావా అమ్మాయ్? ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు. ‘మీకు లెక్క రాదు’ అన్న చోట కాస్త గట్టిగా చదువు.