ర్యాంపుకు వేయించిన సున్నం

నేను చదివింది ఊరి బడిలో అయిదో తరగతి వరకే. అయినా ముప్పై ఎనిమిదేళ్లు పశువుల యార్డులో మేస్త్రీగా చేశాను. ఎంత మొండి ఎద్దునైనా లారీ ఎక్కించకుండా వదిలిన రోజు లేదు. యార్డు కమిటీ ఇచ్చిన మెచ్చుకోలు పత్రాలు రెండు ఇప్పటికీ మా ఇంటి గోడకున్నాయి. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ పని నాకంటే బాగా తెలిసిన మనిషి మా ఇంట్లోనే పుట్టింది. ఆమె పని చెడగొట్టింది నేనే.

ఆమె నా చెల్లెలి కూతురు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. లారీలు దిగిన పశువుల దెబ్బలకు మందు రాసీ రాసీ విసిగి, డ్యూటీ లేని వేళల్లో ఆ దెబ్బలు తగిలే చోటికే, మా యార్డుకే రావడం మొదలుపెట్టింది. మొదటిరోజు నడుం వంచి, తల ఎద్దు ఎత్తుకు దించి, పశువులు లారీ ఎక్కే ఆరు ర్యాంపుల్లో ఒకదాని మీద అడుగులో అడుగు వేసుకుంటూ నడిచింది.

"ఏం పారేసుకున్నావమ్మా?" అన్నాడు లారీ డ్రైవరు.

"ఏం లేదన్నా. ఇక్కణ్ణుంచి ఎద్దుకు ఏం కనబడుతుందో చూస్తున్నా."

"చూసి, కాస్త గడ్డి కూడా తినిపో."

"నువ్వు మిగిలిస్తే కదన్నా" అంది, తల ఎత్తకుండానే.

ఊగేదీ మెరిసేదీ కొత్తగా కనబడేదీ చూస్తే పశువు ఆగిపోతుందని, వేలాడుతున్న గొలుసు తీయించింది. కంచె మీద ఆరేసిన నా చొక్కా తీయించింది. నీళ్లు నిలిచి మెరుస్తున్న గుంట పూడ్పించింది. పక్కనున్న మనుషులు పశువుల కంటబడకుండా రెండువైపులా పాత చెక్కలు కొట్టించింది. ఎవరు కర్ర ఎత్తినా "మెల్లగా, మెల్లగా" అనేది. హమాలీలు ఆమెకు మెల్లగమ్మ అని పేరు పెట్టారు. నేనూ నవ్వాను. మూడు నెలలు తిరిగేసరికి ఆ ర్యాంపు దగ్గర కర్రతో పనే లేకుండా పోయింది. అప్పుడు మాత్రం "మా మేనకోడలు" అని కనబడినవాడికల్లా చెప్పుకున్నాను.

ఒక సోమవారం కమిటీవాళ్లు వచ్చి చూస్తామన్నారు. నచ్చితే మిగిలిన అయిదు ర్యాంపులూ అలాగే మారుస్తారు, కర్రల్ని యార్డు గేటు దాటనివ్వరు. ముందురోజు ఆమెకు ఆసుపత్రిలో డ్యూటీ. పెద్దవాళ్లు వస్తుంటే ఈ మట్టి పట్టిన చెక్కలేమిటని నాకు అనిపించింది. దగ్గరుండి చెక్కలకూ ర్యాంపుకూ తెల్లగా సున్నం వేయించాను. అంచుకు ఎర్ర పట్టీ కూడా.

సోమవారం ఆమె వచ్చేసరికి కమిటీవాళ్లు నిలబడే ఉన్నారు. మొదటి ఎద్దు దారిలోకి వచ్చేసింది. తెల్లటి అంచు దగ్గర ఆగి, తల దించి వాసన చూసింది. వెనకవి వచ్చి దానిమీద పడ్డాయి.

"మామయ్యా, కదపకు. వాసన చూసుకోనీ, అదే వెళ్తుంది."

కమిటీ పెద్ద గడియారం చూసుకున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. డ్రైవరు చేతిలో కర్ర లాక్కుని ఒక్కటి వేశాను. ఎద్దు ఎగిరి, సున్నం మీద జారి పడింది. ముందుకాలు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది.

"చూశారుగా, చివరికి కర్రే కావాల్సి వచ్చింది" అంటూ కమిటీ పెద్ద, మిగిలిన ర్యాంపుల మార్పుకు సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆమె ఎద్దు తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. అక్కణ్ణుంచే అడిగింది.

"సున్నం ఎవరు వేయించారు?"

"నేనే తల్లీ. నీ పని నలుగురికీ బాగా కనబడాలని."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది మామయ్యా."

ఇన్నేళ్లలో అంతకుమించి ఏమీ అనలేదు. ఆమె రాసిచ్చిన రిపోర్టు నేను చదివాను. రంగు మారినందువల్ల పశువు ఆగిందనీ, కొట్టినందువల్ల పడిందనీ ఉంది. కొట్టిందెవరో లేదు. కమిటీ దాన్ని పక్కన పడేసింది.

ఆ సున్నం నేనే గీకాను, నాలుగు రోజులు పట్టింది. ఆమె ఇప్పటికీ డ్యూటీకి ముందు గంటసేపు ఆ ఒక్క ర్యాంపు దగ్గరే నిలబడుతుంది. పని మానేశాక నేనూ పొద్దున్నే వెళ్తున్నాను. ఆమె వెనకే నడుం వంచి నడుస్తాను. ఎవడైనా చొక్కా ఆరేస్తే తీసేస్తాను. మిగిలిన అయిదింటి మీదా కర్రల చప్పుడు వినబడుతూనే ఉంటుంది. మొన్న అక్కడొకడు కోడెను ఒక్కటేసి, నన్ను చూసి, "మేస్త్రీ నేర్పిన దెబ్బే ఇది" అన్నాడు.

నిజమే. వాడికి కర్ర పట్టడం నేర్పింది నేనే.